కిటికీ కింద పాత ఇంజన్

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు కారు స్టార్ట్ అయింది. మొదట రెండుసార్లు గొణిగి ఆగిపోయింది, మూడోసారి అందుకుంది. నేను లేచి, చెప్పులు తొడుక్కుని, వంటింట్లోకి వెళ్లి పాలగిన్నె స్టవ్ మీద పెట్టాను. పాతికేళ్లకు పైగా అలవాటైన పని. స్టవ్ వెలిగించాక గుర్తొచ్చింది, ఆయన లేరని. ముందురోజే పెద్దకర్మ అయింది.

పడగ్గదిలోకి తిరిగి వచ్చి కిటికీ రెక్క తీశాను. గుణదలలో మా ఇంటికి కారు షెడ్డు పడగ్గది కిటికీ కిందే ఉంటుంది. స్టీరింగ్ ముందు ఆయన కూతురు కూర్చుని ఉంది. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుంది. భవానీపురంలో అత్తవారింటి నుంచి ఊరంతా దాటుకుని స్కూటీ మీద వచ్చినట్టుంది.

ఆమె ఆయన మొదటి భార్య కూతురు. నేను ఆ ఇంటికి వచ్చేనాటికి తొమ్మిదో తరగతి. ఇప్పుడు ఆమెకే జుట్టు నెరుస్తోంది. నన్ను పిన్నీ అంటుంది.

"ఏంటమ్మాయ్, ఇంత పొద్దున్నే?" అన్నాను కిటికీలోంచి.

"బండి ఆపకూడదు పిన్నీ. నాన్న ఎప్పుడూ ఆపలేదుగా."

"లోపలికి రా. టీ తాగి వెళ్దువు గాని."

"పిల్లల క్యారేజీలు కట్టాలి. రేపొస్తా."

కొంతసేపు అలాగే కూర్చుని, ఇంజన్ ఆపి, గేటు వేసి వెళ్లిపోయింది. గేటు తాళమూ, కారు తాళమూ ఆమె దగ్గర ఒక జత ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. చోక్ ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో కూడా ఆమెకు తెలుసు. నాకు తెలియదు. ఆయన నేర్పలేదు, నేను అడగలేదు.

అప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు. అదేమిటో నేను వెంటనే గుర్తుపట్టాను. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నేను దానితోనే కాపురం చేశాను. అది అసూయ.

*

ఆ కారు క్రీమ్ రంగు అంబాసిడర్. నాకంటే కొన్నేళ్లు చిన్నది. ఆయనా, మొదటి భార్యా కలిసి కొన్నారు, ఎవరి దగ్గరో వాడిన బండి. ఆ రంగు ఆమెకు నచ్చిందట. వెనక అద్దం కింద పరిచిన జాలీ గుడ్డ ఆమె అల్లినదే. అది పసుపుపచ్చగా మారింది, అంచులు ఊడిపోయాయి. నేను దాన్ని ఉతకడానికి తీసి, మళ్లీ అక్కడే పరిచేదాన్ని. తీసెయ్యమని నాతో ఎవరూ అనలేదు. తీసేస్తే వద్దని కూడా బహుశా ఎవరూ అనేవారు కాదు.

ఆమె జబ్బుచేసి పోయిన మూడేళ్లకు ఆయన నన్ను చేసుకున్నారు. నేనప్పుడు పామర్రులో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. పెళ్లి వయసు దాటిందని మా వాళ్లు ఆశ వదులుకున్నారు. ఆయనది పామర్రు పక్క ఊరే. ఆయన వదినగారు నన్ను బస్సులో చూసి సంబంధం కుదిర్చింది. ఆయన కాలువల శాఖలో పనిచేసేవారు. తక్కువ మాట్లాడతారని ముందే చెప్పారు. నాకూ అదే బాగుంటుందనిపించింది.

పెళ్లయిన మొదటివారమే నేను ఆయనకు ఒక విషయం చెప్పాను. నాకు నిద్ర గాఢంగా పడుతుంది, గడియారం మోగినా తెలియదు. కానీ ఒంటి మీద చెయ్యి వేసి లేపితే గుండె దడ వస్తుంది. మా నాన్న పోయిన రోజు నన్ను భుజం పట్టి కుదిపి లేపారు. అప్పటి నుంచి అంతే. ఆయన విని ఊరుకున్నారు.

ఆ తర్వాత ఎన్నాళ్లకో చెప్పలేను, పొద్దున్నే కారు చప్పుడుకు లేవడం అలవాటైపోయింది. ఆయన ఐదూ నలభైకి స్టార్ట్ చేసేవారు. బానెట్ మీద ఒక అరచెయ్యి పెట్టి నిలబడేవారు. కిటికీలోంచి నాకు ఆయన వీపు కనపడేది. కాసేపటికి ఆపేసి, చేతులు కడుక్కుని, టీ తాగి, నన్ను పామర్రు బస్సుకి స్కూటర్ మీద బస్టాండులో దింపేవారు. కారు ఆదివారం తప్ప వీధిలోకి వచ్చేది కాదు.

"రోజూ ఎందుకండీ దాన్ని స్టార్ట్ చెయ్యడం?" అని ఒకసారి అడిగాను.

"బ్యాటరీ," అన్నారు.

నేను నమ్మలేదు. బ్యాటరీ కోసం ఎవరూ అలా అరచెయ్యి ఆనించి నిలబడరు. ఆయన ఆమెతో మాట్లాడుకుంటున్నారని అనుకున్నాను. ఆ ఇంజన్ ఆమె ఉన్నప్పటిది. ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లిందీ, తీసుకొచ్చిందీ అదే. నాకు మాత్రం స్కూటరు.

అప్పట్లో మా జిల్లాలో అంబాసిడర్ ఉన్నవాళ్లంతా పెట్రోలింజన్ తీయించి డీజిలింజన్ పెట్టించుకున్నారు. వడ్ల వ్యాపారం వాళ్లు, పెళ్లిళ్లకు అద్దెకు తిప్పేవాళ్లు, డాక్టర్లు, అందరూ. ఆయన అన్నగారు కూడా పెట్టించారు. ఒక వానాకాలం నేను బస్టాండుకి తడిసి చేరిన రోజు సాయంత్రం ఆయనతో అన్నాను, మనమూ డీజిల్ పెట్టించుకుంటే రోజూ కార్లోనే వెళ్లొచ్చు కదా అని.

"ఇంజన్ తీసేస్తే అది ఆ బండి కాదు," అన్నారు.

ఆయన ఒక వాక్యం ఇంత ఖచ్చితంగా అనడం అరుదు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. లోపల మాత్రం ఆ మాటను చాలా ఏళ్లు తిప్పుతూ ఉన్నాను.

*

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఆయన కూతురు స్టూలు వేసుకుని హాల్లో మేకు కొట్టింది. ఫ్రేము కట్టించిన ఆయన ఫోటో వాళ్లమ్మ ఫోటో పక్కన తగిలించింది. రెండిటికీ ఒకే కొలత దండలు తెచ్చింది. వచ్చిన చుట్టాలు ఆ గోడ ముందు నిలబడి, "ఇద్దరూ ఒకచోట చేరారు" అన్నారు. అంటూ నా వైపు చూసి, ఇంకేదో అనబోయి, ఆగిపోయారు. నేను విస్తళ్లు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను. ఆ గోడకు ఒకపక్క కిటికీ, మరోపక్క స్విచ్ బోర్డు. మూడో మేకుకి చోటు లేదు.

దుఃఖం గురించి నేను చాలా చదివాను. ఆయన పోయాక కూడా చదివాను, ఇంకేం చెయ్యాలో తెలియక. పోయినవాళ్ల మీద ప్రేమ గురించి రాశారు, కోపం గురించి కూడా రాశారు. పోయినవాళ్లు ఇప్పుడు ఎవరి పక్కన ఉన్నారో అన్న అసూయ గురించి ఎక్కడా కనపడలేదు. రాయడానికి సిగ్గుపడి ఉంటారు.

ఆయన కూతురు రోజూ వచ్చేది. ఐదూ నలభైకి ఇంజన్ అందుకునేది. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లేదాన్ని. ఆమె తల ఎత్తి చూసేది. "లేచారా?" అనేది. "లేచాను," అనేదాన్ని. అంతకుమించి మాటలుండేవి కావు. ఆమె వెళ్లాక చాలాసేపు షెడ్డులో పెట్రోలు వాసన ఉండేది.

ఆ కారు విషయంలో నాకు ఆయన అప్పగించిన పని ఒక్కటే. రేడియేటర్‌కి ఒక గొట్టం దగ్గర నీళ్లు కొద్దికొద్దిగా కారేవి. రోజూ పొయ్యాలి. ఆయన బోరు నీళ్లు పోసేవారు కాదు. ఉప్పు పేరుకుంటుందనేవారు. సాయంత్రం మున్సిపల్ కుళాయి వచ్చినప్పుడు ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా గుడ్డతో వడకట్టి నింపి షెడ్డులో పెట్టడం నా పని. పొద్దున్న ఆయన పోసుకునేవారు.

కర్మ రోజుల్లో ఆ డబ్బా సంగతి ఎవరికీ పట్టలేదు. ఆయన కూతురు వచ్చిన మొదటి రోజు డబ్బా ఖాళీగా ఉంది. వెళ్లేముందు ఆమె తన సంచీలోంచి మంచినీళ్ల సీసా తీసి రేడియేటర్‌లో పోసింది. నేను కిటికీలోంచి చూశాను. సరే, నీళ్లు కూడా తనే తెచ్చుకుంటుందన్నమాట, అనుకున్నాను. ఆ సాయంత్రం కుళాయి వచ్చింది. నేను డబ్బా నింపలేదు.

ఆమె మర్నాడు డబ్బా ఖాళీగా చూసి, పిన్ని రాత్రే పోసేసి ఉంటుందని అనుకుందట. వాళ్ల నాన్న ఎండాకాలంలో అలా చేసేవారట. మూత తీసి చూస్తే తెలిసిపోయేది. కానీ చూస్తే నన్ను నమ్మనట్టు ఉంటుందని చూడలేదట. నేను అడిగితే ఆమెదే పెత్తనం అని ఒప్పుకున్నట్టు ఉంటుందని అడగలేదు. కొన్ని వారాలు ఆ రేడియేటర్‌లో ఎవరూ నీళ్లు పొయ్యలేదు. పొద్దున్నే కాసేపు తిప్పి ఆపేసేదానికి ఆ తేడా తెలియలేదు.

*

రెండో మాసికం పామర్రులో ఆయన అన్నగారింట్లో పెట్టారు. బస్సులో వెళ్దామనుకున్నాను. పొద్దున్నే ఆయన కూతురు పట్టుచీర కట్టుకుని వచ్చింది.

"నాన్న బండిలోనే పోదాం పిన్నీ."

నేను వెనక తలుపు తీశాను.

"ముందుకి రండి. నేనేం డ్రైవర్నా మీకు?"

ముందు సీటులో కూర్చున్నాను. కంకిపాడు దాటాం. ఆమె బాగా నడుపుతుంది. ఎదురుగా లారీ వస్తే ఆయనలాగే ముందు హారన్ కొట్టి, తర్వాత వేగం తగ్గిస్తుంది. గేరు మార్చేటప్పుడు ఎడమ భుజం కొంచెం దించుతుంది. ఆయన దించినట్టే. నేను చూడకూడదనుకుని కిటికీలోంచి బయటికి చూశాను. మినుము పీకేసిన చేలు, వాటిలో గొర్రెలు.

ఉయ్యూరు దగ్గరికి వచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ఆమె పక్కకి తీసి ఆపింది. దిగి బానెట్ ఎత్తింది. రోడ్డు పక్క టీ బంకు ఆయన, పాపం మంచివాడు, మమ్మల్ని చూసి కాలవలో ముంచిన బకెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కండువా చుట్టుకున్న చేత్తో మూత తిప్పి ఆ బకెట్ అంతా పోసేశాడు.

"ఆగండి, ఆగండి బాబాయ్," అంది ఆమె.

అప్పటికే లోపల ఎక్కడో టప్పుమంది. పెద్ద చప్పుడు కాదు.

"ఏంటండీ అది?" అన్నాడాయన.

ఆమె నా వైపు చూసింది.

"నీళ్లు మీరు పొయ్యట్లేదా పిన్నీ?"

"నువ్వు పోస్తున్నావనుకున్నాను."

"డబ్బా రోజూ ఖాళీగా ఉంటే, మీరు రాత్రే పోస్తున్నారనుకున్నా."

"నువ్వు సీసాతో తెచ్చుకుంటున్నావుగా."

"ఒక్కరోజు తెచ్చా. ఆ ఒక్కరోజే."

టీ బంకు ఆయన మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, "టీ తాగండమ్మా ముందు," అన్నాడు. తాగాం. పామర్రుకి ఆటోలో వెళ్లాం. దారిలో ఒకరి తప్పు ఒకరం ఎత్తలేదు.

*

ఆటోనగర్‌లో ఆయన ఎప్పుడూ చూపించే మెకానిక్ బండిని తాడు కట్టి తెప్పించాడు. రెండు రోజుల తర్వాత మమ్మల్ని రమ్మన్నాడు. అతను ఆయన కూతురిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రామ్మా. ఇంతున్నప్పుడు వచ్చేదానివి మీ నాన్నగారితో. స్పానర్లు అందించేదానివి." తర్వాత నన్ను చూసి ఆమెనే అడిగాడు. "ఈవిడెవరమ్మా?"

"మా పిన్ని," అంది.

"ఓహో. సార్ ఎప్పుడూ చెప్పలేదే."

అతని తప్పు లేదు. ఆయన మెకానిక్‌తో ఇంటి సంగతులు మాట్లాడే మనిషి కాదు. అయినా ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఇంజన్ బ్లాకు చిట్లిందని చూపించాడు. పక్కన వెంట్రుకంత గీత. సెగ మీదున్న ఇనుము మీద చన్నీళ్లు పడితే అంతేనన్నాడు.

"రెండు దార్లున్నాయి మేడమ్. ఒకటి, ఇంజన్ మార్చేద్దాం. దీని తర్వాత మోడల్‌ది మంచి ఇంజన్ ఒకటుంది నా దగ్గర. తాళం తిప్పగానే అందుకుంటది. రోజూ వాడుకోవచ్చు, తిరపతి పోయి రావచ్చు. రెండోది, దీన్నే కుట్టించడం. పోత ఇనుముకి వెల్డింగ్ నిలవదు. గీత పొడుగూతా రంధ్రాలేసి, ఇనప పిన్నులు దిగ్గొట్టి కుడతారు. గుంటూరులో ఒకాయనున్నాడు. కానీ నన్నడిగితే మార్చుకోమనే చెప్తా. దీన్ని ఇంకా బతికించడమంటే ముసలోళ్లని ఐసీయూలో..." అని, మా మొహాలు చూసి ఆగిపోయాడు.

"కుట్టించండి," అంది ఆయన కూతురు.

"మార్చండి," అన్నాను నేను.

అతను పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నాన్న జన్మలో ఒప్పుకోడు పిన్నీ."

"ఆయన లేరు కదమ్మాయ్."

"అందుకని?"

"బండి నా పేరున రాశారు. వాడుకునేట్టు ఉండాలి. పూజ చేసుకోవడానికి కాదు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె వాదించలేదు.

"సరే. అయితే ఆ పాత ఇంజన్ నాకిచ్చెయ్యండి. పాత ఇనప సామాన్లకి వెయ్యొద్దు. మా పోర్టికోలో పెట్టుకుంటా."

"ఏం చేసుకుంటావు దాన్ని?"

"ఏం చెయ్యను. ఉంచుకుంటా."

నేను ఇస్తానని చెప్పాను. ఆ ఇంజన్ నా కిటికీ కింద నుంచి వెళ్లిపోవడమే నాకు కావలసింది. ఆమె తల్లి వస్తువు ఆమె ఇంటికి వెళ్తుంది, పీడ విరగడవుతుంది అనుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం అది భవానీపురంలో ఒక పోర్టికోలో, చెక్కపీట మీద, తుడిచిపెట్టి ఉండటం కళ్లముందు కనపడటం మొదలుపెట్టింది. అదీ భరించలేకపోయాను.

షెడ్డు ఖాళీ అయ్యాక నేను ఏడున్నరకి లేచేదాన్ని. ఒకరోజు ఎనిమిదింటికి పాలవాడు బెల్లు కొడితే మెలకువ వచ్చింది. రిటైరైన మనిషికి ఎప్పుడు లేచినా ఒకటే. కానీ లేవగానే పొద్దు ఎక్కిపోయి ఉండేది. ఇల్లు నన్ను వదిలేసి ముందే లేచి పనిలో పడ్డట్టుండేది.

*

ఇంజన్ దించే రోజు ఆయన కూతురు ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. నేను వస్తానని చెప్పలేదు, అయినా వెళ్లాను. ఇద్దరం మెకానిక్ షాపు ముందు ఒకే బల్ల మీద కూర్చున్నాం. లోపల మెకానిక్ పైనున్న దూలానికి గొలుసు కప్పీ తగిలిస్తున్నాడు. ఆమె చూపు తిప్పకుండా అటే చూస్తోంది. నాకు అడగాలనిపించింది.

"మీ అమ్మ గుర్తొస్తుందా, ఆ చప్పుడు వింటే?"

ఆమె నా వైపు తిరిగింది. "ఏ చప్పుడు?"

"పొద్దున్నే స్టార్ట్ చేసే చప్పుడు."

"అమ్మ ఉన్నప్పుడు పొద్దున్నే స్టార్ట్ చేసేవాడు కాదు నాన్న. అమ్మకి ఆ పొగ పడదు. షెడ్డు అప్పుడు వెనకవైపు ఉండేది."

"వెనకవైపా?"

"మీరొచ్చాకేగా ఇటు మార్పించాడు, పడగ్గది కిటికీ కిందికి. నాకు గుర్తుంది, నేను హాస్టల్ నుంచి దసరా సెలవులకొచ్చేసరికి రేకులు దింపుతున్నారు."

ఆ రేకులు నాకూ గుర్తున్నాయి. వెనక చెమ్మ ఎక్కువగా ఉందని ఆయన నాతో అన్నారు.

"మీరు మొద్దు నిద్ర పోతారంటగా. తట్టి లేపితే దడుచుకుంటారంట. బస్సు తప్పిపోద్దని అలా మొదలెట్టాడంట."

"ఎవరు చెప్పారు?"

"నాన్నే. నా పెళ్లికి ముందు ఒకసారి అడిగా, ఏంటి నాన్నా పొద్దున్నే ఈ గోల అని. నవ్వి చెప్పాడు."

"నాతో బ్యాటరీ అన్నారు."

"బ్యాటరీకి వారానికోసారి చాలు పిన్నీ."

"మరి బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడేవారుగా."

"వేడెక్కిందో లేదో చూడ్డానికి. వేడెక్కేలోపు మీరు లేస్తారు. లేవకపోతే ఇంకొంచెం రేజ్ చేసేవాడు."

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తనే మళ్లీ అంది.

"సెలవులకొచ్చినప్పుడల్లా నేను అంతకు ముందే లేచి పడుకునుండేదాన్ని. అది నాకోసం కాదని తెలుసు. హాస్టల్లో మమ్మల్ని బెల్లు కొట్టి లేపేవాళ్లు."

ఆమె అది నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పింది. పక్క షాపులో ఎవరో బాడీ మీద సుత్తితో కొడుతున్నారు.

పాతికేళ్లు నేను కిటికీలోంచి ఆయన వీపు చూసి ఆమె తల్లి మీద కుళ్లుకున్నాను. ఈ అమ్మాయి పక్కగదిలో పడుకుని నా మీద కుళ్లుకుంది. ఆయన మాత్రం బానెట్ వేడెక్కిందో లేదో చూసుకుంటున్నారు. అయినా ఆ మాట విన్నప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం కాదు. కూతురితో చెప్పారే, నాతో చెప్పలేదే అనుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే అనుకుంటున్నాను.

"మరి నువ్వెందుకు వచ్చేదానివి రోజూ?"

"ఏమో. బండి ఆగిపోకూడదనుకున్నా." చూపు మళ్లీ ఇంజన్ మీదికి తిప్పింది. "మీరు లేచి కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లుగా. చూసి వెళ్లేదాన్ని."

లోపల గొలుసు బిగిసింది. మెకానిక్ ఒక చేత్తో ఇంజన్ని నిమురుతూ, రెండో చేత్తో కప్పీ లాగబోతున్నాడు. నేను లేచి లోపలికి వెళ్లాను.

"పాత ఇంజనే ఉంచండి. కుట్టించండి."

"చెయిన్ కట్టాక చెప్తున్నారా మేడమ్?"

"అవును."

"ఎలాగూ దించాల్సిందేలెండి, కుట్టాలన్నా." అతను కప్పీ వదిలి నా ముందుకొచ్చాడు. "కానీ ఒక మాట. కుట్టాక సార్ చేసినట్టు రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి కాసేపుంచి ఆపేస్తే కుదరదు. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం, ఆ కుట్టు వదిలేస్తది. ఎక్కడికన్నా పోవాలంటే తియ్యండి, పోయి రండి, పెట్టేయండి. నెలకోసారి చాలు. రోజూ స్టార్ట్ చేసుకోవాలంటే మాత్రం ఆ కొత్తదే పెట్టించుకోండి. మీరెన్నిసార్లు తిప్పినా ఏం కాదు దానికి."

నేను కొత్త ఇంజన్ వైపు చూశాను. ఇనప స్టాండు మీద బిగించి శుభ్రంగా ఉంది. దాన్ని స్టార్ట్ చేసి వినిపించమంటే వినిపించాడు. ఒక్కసారికే అందుకుంది. గొణగలేదు. ఆ చప్పుడుకి నేను లేవను.

"పాతదే," అన్నాను.

ఆయన కూతురు నా వెనకే వచ్చి నిలబడి ఉంది.

"మీరేగా మార్చమన్నారు."

"అన్నాను."

"మరి?"

"నీకివ్వడం నాకిష్టం లేదమ్మాయ్."

ఆమె నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. "ఉంచుకోండి," అంది. "నీళ్లు మాత్రం ఎవరు పోస్తున్నారో ముందే చెప్పుకుందాం."

*

వానలు మొదలయ్యాక బండి ఇంటికొచ్చింది. కుట్టిన చోట వరసగా ఇనప చుక్కలు కనపడతాయి. ఇంజన్ అదే, చప్పుడూ అదే. మొదట గొణిగి ఆగుతుంది, తర్వాత అందుకుంటుంది. నెలకో ఆదివారం ఆయన కూతురు వస్తుంది. నేను డబ్బాతో నీళ్లు పోస్తాను, ఆమె మూత బిగిస్తుంది. పామర్రు దాకా వెళ్లి వస్తాం. నన్ను చోక్ లాగడం నేర్చుకోమంటుంది. నేర్చుకుంటున్నాను, సరిగా రావడం లేదు.

హాల్లో గోడ మీద వాళ్లిద్దరూ అలాగే ఉన్నారు. ఆ గోడ ముందు నుంచి వెళ్లేటప్పుడు నాకు ఇప్పటికీ మునుపటిలాగే ఉంటుంది. ఒక్క తేడా ఉంది. ఆయన మొదటి భార్య ఆ కారు కొన్నది, రంగు ఎంచింది, గుడ్డ అల్లింది, ఆ సీట్లో కూర్చుంది. కానీ తెల్లవారుతుండగా కిటికీ కింద ఆ ఇంజన్ తిరగడం ఆమె ఎప్పుడూ వినలేదు. దాన్ని నేను ఎవరితోనూ పంచుకోదలచుకోలేదు.

ఇప్పుడు నేను ఎప్పటికి మెలకువ వస్తే అప్పటికి లేస్తున్నాను. పొద్దున్నే కారు స్టార్ట్ చెయ్యడం మా ఇంట్లో మానేశాం.